‘వర్గీకరించు’ క్రియ: నిర్మాణం, వ్యవహారం, కర్త

జీవశాస్త్ర పాఠాలలోను, గ్రంథాలయశాస్త్రంలోను ‘వర్గీకరించు’ నిర్వివాదమైన క్రియ. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఆరంభమైన తరువాత, ఏ విశేషణమూ లేని ‘వర్గీకరణ’ శబ్దం షెడ్యూల్డు కులాల రిజర్వేషన్ల వర్గీకరణ అనే అర్థంలో వ్యవహారంలో రూఢమైంది. ఈ శబ్ద నిర్మాణానికీ వ్యవహారార్థానికీ మధ్య ఉన్న ఎడాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

‘వర్గ’ శబ్దం చివరి అకారం ఈకారంగా మారడం సంస్కృత చ్వి ప్రత్యయ ఫలితం. పూర్వం లేని స్థితిని పొందడాన్ని వ్యాకరణ సంప్రదాయం ‘అభూతతద్భావం’ అంటుంది. సరళం కానిదాన్ని సరళం చేస్తే సరళీకరణ. స్థిరం కానిదాన్ని స్థిరం చేస్తే స్థిరీకరణ. ఆ లెక్కన వర్గీకరించడమంటే వర్గాలుగా లేనిదాన్ని వర్గాలుగా చేయడం.

వివాదమంతా ఈ ఈకారంలోనే ఉన్నది. వ్యతిరేకించేవారు ఈ క్రియను ‘విభజించు’కు పర్యాయంగా గ్రహిస్తారు: ఒకటిగా ఉన్నదాన్ని చీల్చడం. కోరేవారు ‘గుర్తించు’ అనే అర్థంలో వాడుతారు: వెనుకబాటులోని తేడాలు ముందే ఉన్నవి, చట్టం వాటిని చూడాలి. న్యాయస్థానాల తీర్పులలోనూ ఈ రెండర్థాలే ఎదురుపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన చట్టాన్ని, షెడ్యూల్డు కులాలన్నీ ఒకే వర్గమనే కారణంతో సుప్రీంకోర్టు 2004లో కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 ఆధిక్యంతో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి, ఉపవర్గీకరణ చెల్లుతుందన్నది. అభూతతద్భావం స్థానంలో ‘భూత’ స్థితికి గుర్తింపు లభించింది.

నిత్యవ్యవహారంలో మరొక మార్పు గమనార్హం. ‘వర్గీకరించు’ సకర్మకక్రియ, దానికి కర్త కావాలి. కాని జనం ‘వర్గీకరణ కావాలి’, ‘వర్గీకరణ వచ్చింది’ అంటారు. క్రియ నామమై, ఉద్యోగంలాగా, వాటాలాగా పొందవలసిన వస్తువైంది. ఇందులో పొందేవారి ఆకాంక్ష వినిపిస్తుంది. చేయవలసిన ప్రభుత్వం మాత్రం వాక్యంలోంచి తప్పుకుంటుంది.

ఎండ్లూరి సుధాకర్ తన దీర్ఘకావ్యానికి పెట్టిన ‘వర్గీకరణీయం’ అనే శీర్షిక ఈ నేపథ్యంలో విశిష్టమైనది. ‘అనీయ’ ప్రత్యయం చేయదగినది, చేయవలసినది అనే అర్థాన్నిస్తుంది. ‘వర్గీకరణ’ కోరికకు, ఫలానికి పేరైతే, ‘వర్గీకరణీయం’ కర్తవ్యానికి పేరు. కర్తను చెప్పకపోయినా, చేయవలసిన పని ఉన్నదనగానే చేయవలసినవారెవరనే ప్రశ్న పుడుతుంది. వాడుక మరుగుపరచిన కర్తను శీర్షిక ఆకాంక్షారూపంలో తిరిగి తెచ్చింది.

కనుక ‘వర్గీకరించు’ అర్థాన్ని నిఘంటువుతోనే తేల్చలేము. వర్గాలను పుట్టించేదా, ఉన్న వ్యత్యాసాలను ఒప్పుకొనేదా అన్నది ప్రయోక్త నిలబడిన చోటును బట్టి మారుతుంది. ఈ శబ్దాన్ని వాడే సాహిత్య విమర్శ ఏ అర్థంలో వాడుతున్నదో ముందుగా స్పష్టం చేయవలసి ఉన్నది.