బొమ్మలమ్మి చేసిన ప్రయాణం

రంగస్థలం మీదికి సుడిగాలి రావాలి. ‘ది విజ్’ సంగీత నాటకంలో ఆ సుడిగాలి ఒక నర్తకి. తలకు కట్టిన పొడవాటి నల్లగుడ్డతో ఆమె గిరగిరా తిరుగుతుంటే వేదికంతా చీకటి కమ్మేది. 1975లో బ్రాడ్వేకి వచ్చిన ఆ నాటకానికి నాట్యం కూర్చింది జార్జ్ ఫైసన్. దర్శకత్వం, దుస్తులు జెఫ్రీ హోల్డర్‌వి. రెంటికీ ఆయనకు టోనీ అవార్డులు వచ్చాయి. సంగీత నాటక దర్శకత్వానికి ఆ అవార్డు అందుకున్న తొలి నల్లజాతీయుడు ఆయనే. ఆ నల్లగుడ్డను ఏ పద్దులో వేయాలి? దుస్తులా, నాట్యమా, దర్శకత్వమా? నాకు మాత్రం అందులో ఒక చిత్రకారుడి చూపు కనిపిస్తుంది.

హోల్డర్ 1930లో ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు నత్తి. అన్న బోస్కో బొమ్మలు వేసేవాడు, నాట్యం చేసేవాడు. తమ్ముడికి రెండూ ఆయన దగ్గరే అబ్బాయి. ఏడేళ్లకే అన్న బృందంలో చేరాడు. 1952లో సెయింట్ థామస్ దీవిలో వాళ్ల ప్రదర్శన చూసిన అమెరికన్ కొరియోగ్రాఫర్ ఆగ్నెస్ డి మిల్ న్యూయార్క్ రమ్మంది. దారి ఖర్చులకు డబ్బు లేదు. హోల్డర్ తన బొమ్మలు ఇరవై అమ్మి బృందాన్ని అమెరికా చేర్చాడు. అక్కడ నాట్యంతో పేరొచ్చాక కూడా కుంచె దించలేదు. చిత్రకళకే గుగెన్‌హైమ్ ఫెలోషిప్ తెచ్చుకున్నాడు.

1973 నాటి జేమ్స్ బాండ్ సినిమా ‘లివ్ అండ్ లెట్ డై’లో బారన్ సమెదిగా ఆయన్ని చూసినవాళ్లు చాలామంది ఉంటారు. ఆరున్నర అడుగుల మనిషి, తెల్లరంగు పూసిన ముఖం, గుండెల్లోంచి పొంగే నవ్వు. ఆ నవ్వు దగ్గరే ఆగిపోతే మనం నష్టపోతాం.

నన్ను పట్టుకున్నది 1974లో డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ కోసం ఆయన చేసిన ‘డగ్లా’. ట్రినిడాడ్‌లో ఆఫ్రికన్, భారతీయ వంశాల కలయికలో పుట్టినవాళ్లను అలా పిలుస్తారు. 1845 నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్లిన మనవాళ్ల సంతతి అందులో ఉంది. ఎక్కువమంది గంగా మైదానాల వాళ్లే అయినా, మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ రెండు జాతుల పెళ్లిని హోల్డర్ వేదిక మీద జరిపించాడు. ఆఫ్రికన్ డప్పుల ఊపూ, మన ముద్రలను తలపించే చేతులూ ఒకే ఒంట్లో కదులుతాయి. దుస్తులూ ఆయన చేసినవే. అడుగు పడినప్పుడల్లా వాటి కుచ్చులు ఊగుతాయి. ఆ ఊపు లేకపోతే ఆ అడుగు సగమే.

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పిల్లలకు మనం సులువుగా చెప్పేస్తాం. హోల్డర్ పని చూశాక ఆ మాట నాకు నోటికి రాదు. ఆయన కాలక్షేపానికి పది పనులు ముట్టుకున్నవాడు కాదు. ప్రతి పనిలోనూ శ్రమపడ్డాడు, ఒకచోట నేర్చినదాన్ని ఇంకోచోట ఖర్చుపెట్టాడు. పిల్లల చేత ఒక కళ మాన్పించే ముందు, అది రెండోదానికి ఏం పెడుతోందో పెద్దవాళ్లు కాస్త ఓపికగా గమనించాలి. అలా గమనించే అన్న ఇంట్లోనే ఉండటం హోల్డర్‌కు దొరికిన మొదటి అదృష్టం.