మొదలు వదిలి కోయండి

వినాయక చవితికి మారేడు, గరిక, ఉత్తరేణి, జిల్లేడు ఎవరైనా తెస్తారు. ‘భిన్నదంతాయ నమః’ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పూజ పుస్తకం చదివేవారి గొంతు కాస్త తగ్గుతుంది. అక్కడ వేయాల్సింది విష్ణుక్రాంత పత్రం. పళ్లెంలో అది ఉండదు. చేతికందిన ఆకేదో వేసి ముందుకు పోతాం.

మా టేకులపల్లి వైపు దొరకదనే సాకు చెల్లదు. వానలు పడ్డాక టేకు నీడ దాటి ఎండ తగిలే గరుకు నేల మీద వెతికితే దొరుకుతుంది. నిలబడి చూస్తే కనిపించదు, గొంతుక్కూర్చోవాలి. సన్నటి కాడలు నేలబారుగా పాకుతాయి, వాటి నిండా నూగు. ఆకు మొదట్లోంచి దారంలాంటి తొడిమ, దాని చివర చొక్కా గుండీ కన్నా చిన్న నీలం పువ్వు. గంటలా మొదలై అంచుల్లో పళ్లెంలా విచ్చుకుంటుంది. పొద్దున్నే చూడాలి, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది.

చాలామంది పెరట్లోని శంఖపుష్పాన్నే విష్ణుక్రాంత అనుకుంటారు. శంఖపుష్పం తీగ, చిక్కుడులాంటి కాయ కాస్తుంది. విష్ణుక్రాంత దేన్నీ అల్లుకోదు, దాని కాయ మిరియపు గింజంత కూడా ఉండదు. తికమక మన ఒక్కరిదే కాదు లెండి. 1753లో విష్ణుక్రాంతను కన్వాల్వులస్ ప్రజాతిలో చేర్చిన వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్సే 1762లో ఎవాల్వులస్‌కు మార్చాడు.

నా ఫిర్యాదల్లా కోసే పద్ధతి మీదే. పండగ ముందురోజు తొందరలో మొక్కను వేళ్లతో సహా పీకేస్తారు. తడి నేల, చేత్తో లాగితే చాలు. కానీ ఇది ఒక్క ఏడాదితో పోయే మొక్క కాదు. దీని వేరు మొదలు కట్టెలా గట్టిపడుతుంది. వేసవిలో కాడలన్నీ ఎండినా తొలకరికి అక్కడి నుంచే చిగురిస్తుంది. పీకితే అంతటితో సరి. కోయగూడెం ఓపెన్‌కాస్ట్ గని మా మండలంలోనే ఉంది, పైమట్టే లేచిపోయే చోట మొక్క మాట ఎత్తడమెందుకు. కనీసం మన చేతిలో ఉన్న చోటైనా జాగ్రత్త పడొచ్చు. పూజ అడిగేది పత్రం, వేరు కాదు.

ఈ చవితికి అడవికి వెళ్తే చిన్న కత్తెర వెంట పెట్టుకోండి. కాడల కొసలు నాలుగు వేళ్ల పొడవున కోసుకుని మొదలు వదిలేయండి. బజారులో కొనేవారైతే వేళ్లకు మట్టి అంటుకున్న కట్ట తీసుకోకండి, వచ్చే ఏడు కోసి తెమ్మని అమ్మే అమ్మకు చెప్పండి.