ఆరు గంటలా, పన్నెండా?

సువార్తల్లో తేదీలు కలవవని నిరూపించడానికి ఒకప్పుడు నేనో ఎక్సెల్ షీట్ తయారుచేశాను. సర్వర్ లాగ్‌లు చదివే ఉద్యోగం కదా, రెండు లాగ్‌లు రెండు టైములు చూపిస్తే ఏదో ఒకటి తప్పే. ఆదివారం చర్చి తప్పని మిత్రుడొకడు ఆఫీసులో నాతో కలిసి భోంచేస్తాడు. అతనికి చూపిస్తే ఓపిగ్గా చదివి, "సరే, కలవవు. మరి యోహాను అలా ఎందుకు రాశాడంటావ్?" అన్నాడు. నా షీట్‌లో ఆ కాలమ్ లేదు.

లెక్క చిన్నదే. మార్కులో యేసు చివరి భోజనం పస్కా భోజనం. సిలువ ఆ మర్నాడు. యోహానులో ఆయన్ని పిలాతు దగ్గరికి తెచ్చేసరికి పస్కా ఇంకా తినలేదు, మైలపడతామని యూదులు అధికార మందిరం గడప తొక్కరు (18:28). ఇద్దరికీ అది శుక్రవారమే. ఒకరికి పండగ రోజు, ఇంకొకరికి పండగ ముందు రోజు. గంటలూ అంతే. మార్కులో మూడో గంటకే, అంటే పొద్దున తొమ్మిదికే, సిలువ వేశారు (15:25). యోహానులో ఆరో గంటప్పటికి ఆయన ఇంకా పిలాతు ముందే ఉన్నాడు (19:14).

మన పాత తెలుగు బైబిల్లో ఈ రెండో చిక్కు కనపడదు. అక్కడ ఆ ఆరో గంట ఉదయం ఆరైంది. అదే సువార్త నాలుగో అధ్యాయంలో, సమరయ స్త్రీ బావి దగ్గర, అదే ఆరో గంట పన్నెండైంది. అర్ధరాత్రి నుంచి లెక్కపెట్టాలనే వాదన ఒకటుంది, నిజమే. కానీ ఒకే పుస్తకంలో రెండు గడియారాలా? పైగా గంట సర్దినా రోజు సర్దుకోదు.

సర్దే పని కొత్తది కాదు. రెండో శతాబ్దంలోనే తాతియాను నాలుగు సువార్తల్ని ఒకే కథగా అల్లాడు. సిరియా సంఘాలు దాన్ని చాలాకాలం చదివాయి. ఐదో శతాబ్దంలో థియోడొరెట్ అనే బిషప్పు ఆ ప్రతులు రెండొందలకు పైగా తీయించేసి, నాలుగు సువార్తల్ని విడివిడిగా పెట్టించాడు. అతుకుల్లేని కథ చేతిలో ఉండి కూడా చర్చి చివరికి అతుకులున్న నాలుగింటినే ఉంచుకుంది.

మిత్రుడి ప్రశ్నకి జవాబు యోహాను మొదటి అధ్యాయంలోనే ఉంది. అక్కడే యేసుని దేవుని గొర్రెపిల్ల అన్నారు. పండగ ముందు రోజు మధ్యాహ్నమే దేవాలయంలో పస్కా గొర్రెపిల్లల్ని కోసేది. వాటి ఎముకలు విరవకూడదన్నది నిర్గమకాండం నియమం. యోహానులో యేసు కాళ్ళూ విరగ్గొట్టరు. మార్కుకి అర్థం ఆ రాత్రి భోజనంలో ఉంది, యోహానుకి ఆ మధ్యాహ్నపు చావులో. ఇద్దర్నీ ఒకే రోజుకి లాగితే ఒకరు చెప్పింది పోతుంది.

అలాగని "అంతా ప్రతీకే" అని చేతులు దులుపుకోవడమూ నాకు నచ్చదు. ఆ మనిషి చనిపోయింది ఒక్కరోజే. ఇద్దరిలో కనీసం ఒకరి తేదీ తప్పు. యోహాను ఎందుకు రాశాడో అర్థమైనంత మాత్రాన ఆ తప్పు ఒప్పైపోదు. నా షీట్ ఇప్పటికీ కరెక్టే, కాకపోతే అది చదవడానికి మొదటి మెట్టు మాత్రమే.

ఇదంతా మొన్న భోజనం దగ్గర చెప్పాను. మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంతకీ నిజంగా ఏ రోజు?" అన్నాడు. ఈసారి ఆ ప్రశ్న అతను అడిగాడు.