తుప్పు చూసి తేల్చుకోండి

"లక్ష కూడా పలకని బండికి నలభై వేలు పెడతావా బావా?" అంటాడు మా బావమరిది. పాత కారున్న ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. నేను కారు అమ్మబోవడం లేదు, నడుపుకుంటున్నాను. అలాంటప్పుడు అమ్మకపు ధరతో పనేముంది? రిపేరు బిల్లును పోల్చాల్సింది కొత్త కారు ఖర్చుతో. బీమా లెక్కలో కొత్త కారు విలువ ఏడాది తిరిగేసరికి 15 శాతం, ఐదేళ్లకు సగం తరుగుతుంది. అంటే పది లక్షల బండి మీద మొదటి ఏడాదే లక్షన్నర పోయినట్టు. లైఫ్ ట్యాక్సు, వాయిదాల మీద వడ్డీ అదనం.

అలాగని మెకానిక్ రాసిచ్చిన ప్రతి చీటీకీ తలూపను. క్లచ్ పోతే గేర్‌బాక్సు దించక తప్పదు. కూలీ ఎలాగూ ఒకటే కనుక ప్రెషర్ ప్లేటు, బేరింగు కూడా అప్పుడే మార్పించేస్తాను. టైమింగ్ బెల్టున్న ఇంజిన్‌లో అది తెగకముందే మార్చాలి. తెగిందంటే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి. నీలం పొగ వస్తూ ఆయిల్ తగ్గుతుంటే ఇంజిన్ బోరుకొచ్చిందని వెంటనే తేల్చేస్తారు. వాల్వు సీళ్లు మారిస్తే సరిపోతుందేమో ముందు చూడమనండి. నిజంగా బోరుకొచ్చినా దానికీ వైద్యం ఉంది.

లేనిది తుప్పుకే. మాది విశాఖ, ఉప్పుగాలి ఊరు. జాకీ పెట్టే చోట, డోర్ల కింది పట్టీలో, మ్యాట్లు తీసి ఫ్లోరు మీద స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తాను. మొన దిగబడిందా, ఇక ఆ బండి మీద రూపాయి పెట్టను. టింకరింగ్ చేసి రంగు కొట్టినా లోపల తినేసిన రేకు తిరిగి రాదు. పైమెరుగు చూసి సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు మోసపోయేదీ ఇక్కడే.

పదిహేనేళ్లు నిండితే కారు తుక్కేనని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. మన దగ్గర ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఆర్సీని ఐదేళ్లు పొడిగిస్తారు. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. గ్రీన్ ట్యాక్సు వేరే.

మా బావమరిది ఇంతవరకూ అడగని ప్రశ్న ఒకటుంది. అడిగితే నా దగ్గర జవాబు లేదు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ మన దేశంలో అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2019లో. అంతకుముందు వచ్చిన చౌక మోడళ్లలో చాలావాటికి అవి లేవు, ఏ షెడ్డులోనూ తర్వాత బిగించరు. ఊళ్లో పనులకైతే, తుప్పు లేని పాత బండిని నిక్షేపంగా బాగుచేయించుకోండి. పిల్లల్ని ఎక్కించుకుని తరచూ హైవే మీదికి వెళ్లేవాళ్లు మాత్రం ఇంజిన్ ఎంత బాగున్నా సరే, మార్చేయండి.