గోడలకున్న చెవులు

ఆర్కిటెక్చరల్ ఇంజనీరింగులో ఎమ్మెస్ చదువుటకై అమెరికాకు బోవుచున్నానని చెప్పినప్పుడు మా యూరి పెద్దమేస్త్రి, "అది ఇల్లు గీసే చదువా, ఇల్లు నిలబెట్టే చదువా బాబూ?" అని యడిగెను. నాకప్పుడు సమాధానము తోచలేదు. నిలబెట్టుట దానిలో నొక భాగమే గాని, గీచినవాడును నిలబెట్టినవాడును వెళ్ళిపోయిన పిదప ఆ యింట నుండువారికి వెలుతురెంత, గాలి యెంత, వేడి యెంత, ఒకరి మాట యింకొకరికి వినబడునా లేదా యని ముందుగానే విచారించు చదువని అక్కడికి బోయిన పిమ్మట దెలిసినది. 1873లో అమెరికాలో వాస్తుశాస్త్రమునందు మొట్టమొదటి పట్టము పొందిన నేథన్ రికర్, ఆ శతాబ్ది ముగియక మునుపే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున దీనికొక ప్రత్యేక పాఠ్యక్రమము నేర్పరచెను. మేస్త్రి ప్రశ్న ఆయనకును ఎదురై యుండునని నా యూహ.

దూలముల వంపు, చల్లగాలి గొట్టముల లెక్క, దీపముల కాంతి మొదలగు వానిని గూర్చి వ్రాయబూనినచో సంపాదకులు క్షమింపరు. నన్ను బట్టుకొన్నది శబ్దము.

1895లో హార్వర్డునందు గ్రొత్తగా గట్టిన ఫాగ్ కళాభవనపు టుపన్యాసశాలలో, ఆచార్యుడు పలికిన మాట యొకటి అయిదున్నర సెకనులు గాలిలో నిలిచి, వెనుక వచ్చు మాటలతో గలగాపులగమై, విద్యార్థుల కొక్కముక్కయు నర్థము గాకుండగా, దానిని బాగుచేయు భారము ఇరువదియేడేండ్ల భౌతికశాస్త్రోపాధ్యాయుడు వాలెస్ సేబిన్ పైన బడెను. ఆయన వీథిలో ట్రాములు నిలిచిన యర్ధరాత్రివేళ, ప్రక్కనున్న శాండర్స్ థియేటరు కుర్చీల మెత్తలను మోయించుకొని వచ్చి, కొన్నికొన్నిగా గదిలో బరపించుచు, ఆర్గన్ గొట్టము నొకదాని నూది, ఆ నాద మెంతసేపటి కణగునో కొలుచుచు, తెల్లవారక ముందే మెత్తల నన్నిటిని యథాస్థానమునకు జేర్పించుచు కొన్నేండ్లు గడపెను. తాను దొడిగిన దుస్తులు మారినను కొలత మారుచున్నదని మధ్యలో గ్రహించి, అంతవరకు వ్రాసికొన్న లెక్కలను బారవైచి, అటుపైన నొకే జత దుస్తులతో బని సాగించెనట! ఈ యొక్క సంగతి కొరకే ఆయనకు నమస్కరింపవచ్చును.

ఆ శ్రమఫలమైన సూత్రము మా తరగతిలో మొదటివారమే నల్లబల్ల కెక్కినది. గది ఘనపరిమాణమును 0.161 చే గుణించి, గోడలును నేలయు మనుష్యులును గలసి మ్రింగు శబ్దముచే భాగించినచో, నాదము పదిలక్షలలో నొక వంతునకు దగ్గుటకు బట్టు కాలము సెకనులలో వచ్చును. ఆ మ్రింగుటకు గొలమానము, తన్ను జేరిన శబ్దమును తిరిగి రానీయని తెరచిన కిటికీ. మనిషి యొక్కడు సుమా రర చదరపు మీటరు కిటికీతో సమానుడు.

సూత్రము వచ్చినంతనే విద్య వచ్చినట్లు కాదు. ఒక చలికాలపు రాత్రి మే మయిదుగురము చిన్న తరగతిగదిలో బుడగలు పగులగొట్టి, శబ్దము కొలిచి, లెక్కకన్న మిక్కిలి తక్కువగా వచ్చిన ఫలితమును బట్టి గోడపూతను దప్పుపట్టుచు నివేదిక వ్రాసితిమి. ఆచార్యులు కాగితములు త్రిప్పి యొకటే యడిగిరి: "మీ ఓవర్‌కోట్లు ఎక్కడ పెట్టారు?" ఒంటిమీదనే యున్నవి. సేబిన్ దుస్తుల కథ అంతకు ముందువారమే చదివి పరీక్షలో వ్రాసినవారము!

తిరిగివచ్చిన యేడాది మా బాబాయి కల్యాణమండపము గట్టించెను. 24 మీటర్ల పొడవు, 15 వెడల్పు, 7 ఎత్తు. క్రింద పాలరాయి, చుట్టును నున్నని సున్నపుపూత, పైన స్లాబు. లెక్కగట్టగా ఖాళీగా నున్నప్పుడు నాదము పది సెకనులు దాటి నిలుచునని తేలినది. స్లాబు క్రింద కొబ్బరిపీచు పలకలు కొట్టించుమని చెప్పితిని.

"పెళ్ళికి ఎంతమంది వస్తారనుకున్నావురా?"

"నాలుగువందలమంది, బాబాయ్."

"వాళ్ళు మింగరూ?"

లెక్కగట్టితిని. రెండు సెకనులకు లోపలనే వచ్చినది. సేబిన్ మహాశయుడు సైతము బాబాయి పక్షమునే నిలిచెను. పలకల మాట యంతటితో నాగినది.

మొదటి ముహూర్తమున జీలకఱ్ఱ బెల్లము మొదలు తలంబ్రాల వరకు పురోహితుని యక్షర మక్షరమును కడపటి వరుసవారికి సైతము స్పష్టముగా వినబడుటచే, బాబాయి నా వంక జూచి మీసము దువ్వుకొనెను. అంతలో నెవరో "భోజనాలకు లేవండి" యని కేక వేసిరి. క్షణములో మండపము ఖాళీ యయ్యెను. కుర్చీలలో మిగిలినవారు నలువదిమంది. సప్తపది మంత్ర మారంభమైనది. ఒక్కొక్క యడుగు మంత్రము ముందరి యడుగు మంత్రములో గలిసి, స్లాబు దాక లేచి, గోడలకు గొట్టుకొని, పాలరాతిపై జారి యొకటే ఘోషగా దిరుగాడుచుండగా, పెండ్లికుమార్తె యిది యెన్నవ యడుగో తెలియక పురోహితుని మొగము వంక జూచెను. ఆయన వ్రేళ్ళు చూపెను.

బాబాయి మెల్లగా నా ప్రక్కకు వచ్చి, "ఆ పీచు పలకలు ఎంతవుతాయిరా?" అనెను. మూడు మార్లు చెప్పించుకొంటిని.