తెర తీసిన పాలరాయి

మ్యూజికల్ క్లాక్ గంట కొట్టే వేళ తప్పితే, సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం గుమిగూడేది ముసుగు రెబెకా ముందే. ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని చెక్కిన ఈ బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. పలచటి బట్ట వెనక ముక్కూ పెదవీ కనిపిస్తాయి, బట్టా ముఖమూ ఒకే రాయి. నగర శివారు జల్‌పల్లి నుంచి బస్సెక్కి వచ్చిన కుటుంబమైనా, జపాన్ నుంచి వచ్చిన యాత్రికుడైనా అనేది ఒకటే మాట: ఇది రాయంటే నమ్మలేం! హైదరాబాదులో పాలరాతికి దక్కిన గొప్ప మెచ్చుకోలు, అది రాయిలా కనిపించకపోవడమే.

ఇసాము నొగుచి (1904–1988) జీవితమంతా దీనికి ఎదురు దిక్కున నడిచాడు. తండ్రి జపాన్ కవి, తల్లి అమెరికన్ రచయిత్రి, పుట్టింది లాస్ ఏంజెలిస్‌లో. రష్మోర్ కొండ మీద అధ్యక్షుల ముఖాలు చెక్కించిన గట్‌జన్ బోర్గ్‌లం దగ్గర కుర్రతనంలో పనికి చేరితే, నువ్వెప్పటికీ శిల్పివి కాలేవని ఆయన తేల్చేశాడు. అయినా 1927లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ మీద పారిస్ వెళ్ళి, శిల్పి బ్రాంకూసి దగ్గర కొన్ని నెలలు సహాయకుడిగా చేశాడు. ఒకరి భాష ఇంకొకరికి సరిగా రాదు. రంపం ఎలా పట్టాలి, రాతి ముఖం చదును ఎలా తేవాలి, పాఠమంతా చేతులతోనే సాగింది.

బ్రాంకూసి నేర్పిన పని విలువ తెలియాలంటే బెంజోని కాలపు పద్ధతి తెలియాలి. అప్పట్లో శిల్పి బొమ్మను మట్టిలో చేసేవాడు. దాన్ని ప్లాస్టర్‌లో పోత పోసి, సూదులున్న కొలత పరికరంతో ఒక్కో చోటి లోతునూ రాతి మీదికి దించితే, పనివాళ్ళు చెక్కేవాళ్ళు. రెబెకాకు వేరే దేశాల్లో తోబుట్టువులున్నది అందుకే. ఆ పనితనాన్ని చిన్నబుచ్చలేం. కానీ నిర్ణయాలన్నీ మట్టిలోనే అయిపోయాయి, రాయికి మాట్లాడే వంతు రాలేదు. బ్రాంకూసి నమూనాను పక్కనపెట్టి నేరుగా రాతి మీదే ఉలి పెట్టాడు.

అలా పెట్టాలంటే రాయి గుణం తెలిసి ఉండాలి. జల్‌పల్లి, పహాడీషరీఫ్ చుట్టూ కనిపించే బండలు గ్రానైట్. గట్టిదనం కొలబద్ద మీద 6, 7 దగ్గర ఉంటాయి. పాలరాయి 3 దగ్గరే, చాకుమొనతో గీత పడుతుంది. ముందు మొన ఉలితో పెద్ద పెచ్చులు లేపుతారు, పళ్ళున్న ఉలితో రూపం దగ్గరికి వస్తారు, తర్వాత చదును ఉలి, ఆకురాయి, చివర నీళ్ళతో ఎమరీ. మెత్తని రాయి కదా అని ఉలిని నిట్టనిలువుగా పెట్టి కొట్టారో, దెబ్బ లోపలికి దిగి తెల్లమచ్చ పడుతుంది. ఆ సంగతి అంతా అయ్యాక, పాలిష్ పెట్టినప్పుడే బయటపడుతుంది. నునుపు తేలిన పాలరాతిలోకి వెలుగు కాస్త లోపలిదాకా వెళ్ళి తిరిగొస్తుంది. బెంజోని ఆ గుణాన్ని చర్మంగా, ముసుగుగా చూపాడు. నొగుచి దాన్ని దాని మానాన వదిలేశాడు.

ఆయన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చేది 'కూరోస్' (1944–45). భవనాల గోడలకు తొడిగే పాలరాతి పలకలు అప్పుడు న్యూయార్క్‌లో చవకగా దొరికేవి. పలకలో శిల్పానికి కావలసిన మందం ఎక్కడుంటుంది? ఆయన పలకల్ని ఎముకల ఆకారంలో కోసి, గాళ్ళు తీసి, ఒకదానిలో ఒకటి దూర్చాడు. జిగురు లేదు, మేకు లేదు. పాత మంచం పట్టెలు కోళ్ళలో బిగిసినట్టు, ఒకదాని బరువే ఇంకొకదాన్ని పట్టి ఉంచుతుంది. గులాబీరంగు జార్జియా పాలరాయి, ఎత్తు దాదాపు 3 మీటర్లు. ఇప్పుడు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. కూరోస్ అంటే ప్రాచీన గ్రీకుల నిలువెత్తు యువకుడి బొమ్మ. ఇందులో కన్నూ ముక్కూ ఉండవు, నిలబడటం మాత్రం ఉంటుంది.

'ఏముంది ఇందులో?' అనేవాళ్ళకు నా జవాబు అమరావతి. అక్కడి తొలినాటి శిల్పాల్లో బుద్ధుడు కనిపించడు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, చక్రం ఉంటాయి. చుట్టూ మనుషులు చేతులు జోడిస్తారు. రూపం లేకుండా చూడటం మన కృష్ణా తీరానికి కొత్తేమీ కాదు.

యేల్ విశ్వవిద్యాలయంలో బైనికీ గ్రంథాలయం పక్కన నొగుచి వేసిన తోట (1960–64) నేలకు దిగువన ఉంటుంది. అంతా తెల్ల పాలరాయి: ఒక పిరమిడ్, నిలబెట్టిన వలయం, మొన మీద నిలిచిన ఘనం. చెట్టూ నీరూ లేవు. ఆ తర్వాత ఇటలీలో రంగురంగుల పాలరాతి ముక్కల్ని ఉక్కు కడ్డీకి గుచ్చి బిగించి, చారల వలయాలు చేశాడు. అవి నాకు కొంచెం నగల్లా అనిపిస్తాయి.

1949లో ఇండియా వచ్చినప్పుడు జంతర్ మంతర్ మెట్లూ వంపులూ ఆయన్ని పట్టేశాయి. ఆ ముద్రతోనే 1986 వెనిస్ బియెనాలే కళాప్రదర్శనలో అమెరికా తరఫున ఎనభై దాటిన ఈ పెద్దమనిషి నిలబెట్టింది 'స్లైడ్ మంత్ర': తెల్ల పాలరాతి జారుడుబల్ల, పిల్లలు ఎక్కి జారడానికే.

న్యూజెర్సీలో కొడుకో కూతురో ఉన్నవాళ్ళు టైమ్స్ స్క్వేర్ చూసిన మర్నాడు లాంగ్ ఐలాండ్ సిటీకి వెళ్ళవచ్చు. 1985లో నొగుచి స్వయంగా తెరిచిన మ్యూజియం అక్కడుంది. పక్కనున్న చీటీ చదవకముందే ఒక్కో రాయి చుట్టూ పూర్తిగా తిరగండి. చాలావాటికి ఒక పక్క అద్దమంత నునుపు, ఇంకో పక్క ఉలి దెబ్బలు ఎలా పడ్డవి అలాగే.