కెమెరాకు ముందు కాగితం

దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టారు. 1987లో ఆయన తీసిన ‘పుష్పక విమానం’లో పాత్రలు ఒక్క మాటా మాట్లాడవు. అందులో ఒక కిరాయి హంతకుడు మంచుతో చేసిన బాకు పట్టుకుని తిరుగుతాడు. పని అయ్యాక అది కరిగి నీళ్లయిపోవాలని, సాక్ష్యం మిగలకూడదని అతని ఎత్తు. ఈ సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పరు, మనమే చూసి గ్రహిస్తాం. గ్రహించాక ఆ మంచు ఎంత తొందరగా కరుగుతుందోనన్న లెక్క మన మనసులోనే మొదలవుతుంది.

ఇలాంటి పనితనం సెట్ మీద అప్పటికప్పుడు తట్టేది కాదు. సింగీతం ‘మాయాబజార్’ (1957)కు దర్శకుడు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడు. స్క్రిప్టు పక్కాగా తేలేదాకా కె.వి.రెడ్డి షూటింగుకు దిగేవారు కాదు. ఏ సన్నివేశం ఎంతసేపు ఉండాలో కూడా ముందే నిర్ణయించుకునేవారు. ఆ సినిమాకు మాధవపెద్ది గోఖలే, కళాధర్ సెట్లకు ముందు కాగితం మీద రూపు కట్టారు, కెమెరామన్ మార్కస్ బార్ట్లీ వాటికి వెలుగు సమకూర్చారు. పదేళ్ల తర్వాత బాపు తొలి చిత్రం ‘సాక్షి’ (1967) వచ్చింది. హత్యను చూసి, కోర్టులో సాక్ష్యం చెప్పి, ఆ తర్వాత ప్రాణభయంతో అల్లాడే ఓ పడవవాడి కథ అది. చిత్రకారుడైన బాపు షాట్లను బొమ్మలుగా గీసుకుని తీసే దర్శకుడు. బెంగాల్లో సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ (1955) కోసం నిర్మాతల దగ్గరికి బొమ్మల పుస్తకం పట్టుకుని తిరిగారు.

ముందు కాగితం, తర్వాత కెమెరా అన్న ఈ సంప్రదాయం చేతిలో డబ్బు లేని విద్యార్థికే ఎక్కువ ఉపయోగం. నెల్లూరులోనో, కావలిలోనో, సూళ్లూరుపేటలోనో ఫోనుతో రెండు నిమిషాల థ్రిల్లర్ ఆరంభం తీయాలనుకునే కుర్రవాళ్లకు క్రేను దొరకదు, లైట్లు దొరకవు. కాగితం, పెన్సిలు మాత్రం ఎక్కడైనా దొరుకుతాయి.

థ్రిల్లర్ ఆరంభం ప్రేక్షకుడికి ఎంత చూపాలి, ఎంత దాచాలి అన్న లెక్క మీద నిలబడుతుంది. జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎమ్’ ఈనాటికీ దీనికి పెద్దబాలశిక్ష. బడి నుంచి వస్తున్న పాప ఒక స్తంభానికేసి బంతి కొడుతూ ఉంటుంది. ఆ స్తంభం మీద హంతకుడి గురించిన ప్రకటన. దాని మీద ఒక మనిషి నీడ పడుతుంది. అక్కడ ఇంట్లో తల్లి భోజనం సిద్ధం చేసి ఎదురుచూస్తుంది. ఆ తర్వాత ఖాళీ మెట్లు, ఖాళీ పళ్లెం, గడ్డిలోంచి దొర్లుకొచ్చిన బంతి, పైనున్న తీగలకు చిక్కుకున్న బెలూను. హత్యను ఎక్కడా చూపలేదు. అయినా ఆ పళ్లెం చూసేసరికి మనకంతా తెలిసిపోతుంది.

మన విద్యార్థి చిత్రాల్లో తరచూ దీనికి తలకిందులుగా జరుగుతుంది. నల్ల ముసుగు, నల్ల చేతిగ్లౌజులు, చాకు, నెత్తురు అన్నీ మొదటి అర నిమిషంలోనే వచ్చేస్తాయి. పైగా నెల్లూరు ఉక్కపోతలో ఆ ముసుగు చొక్కా వేసుకున్నవాడు ఏదో పరాయి సినిమాలోంచి దిగినట్టుంటాడు. మన ఊరి భయం మన ఊరి వస్తువుల్లోనే ఉంది. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ నెల్లూరు డిటెక్టివ్‌ను, రైలు పట్టాల పక్కన దొరికే గుర్తుతెలియని శవాలను తీసుకుని కథ అల్లింది. ఈ ఊరు థ్రిల్లర్‌కు సరిపోతుందా అన్న అనుమానం ఆ సినిమాతో తీరిపోయింది.

ఇక నెల్లూరు తీరం సంగతి. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సర్వితోపుల వెనక్కి దిగుతాడు. ప్లాను వేసేవాడికి ఇది మొదటి పాఠం. ఒడ్డున నడిచే మనిషి నల్లని ఆకారంగా కనిపించి ముఖం తెలియకూడదంటే మైపాడులో పొద్దున్నే తీయాలి. సాయంత్రం వెలుగు నేల వైపు నుంచి వచ్చి ముఖం మీద పడుతుంది, వెనక సముద్రం ముందుగా నల్లబడుతుంది. పొద్దు గూకాక ఆకాశంలో మిగిలే నీలం సుమారు 20 నిమిషాలే. కానీ ఫోను కెమెరాకు రాత్రిని నమ్మించే వేళ అదే. పూర్తిగా చీకటి పడ్డాక తీస్తే తెర మీద చీకటికి బదులు మచ్చలే కనిపిస్తాయి. ‘మాయాబజార్’లోని ‘లాహిరి లాహిరి’ పాటలో బార్ట్లీ చూపిన వెన్నెల కూడా కెమెరా కోసం కల్పించిందే. సినిమాలో రాత్రి అంటే ఎప్పుడూ ఒక ఏర్పాటే.

రెండో పాఠం గీతలది. సముద్రం ఫ్రేములో అడ్డగీత, సర్వితోపు వందల నిలువు గీతలు. అడ్డగీత ముందు నిలబడ్డ మనిషి ఒంటరిగా, దాక్కునే చోటు లేనివాడిగా కనిపిస్తాడు. నిలువు గీతల మధ్య అదే మనిషి చిక్కుకుపోయినట్టుంటాడు, ప్రతి చెట్టు వెనకా ఇంకొకడు ఉన్నాడేమో అనిపిస్తుంది. ఉప్పు కొటార్లు, బకింగ్‌హామ్ కాలువ గట్టు, పట్టపుపాళెంలో ఆరేసిన వలలు, ఒక్కొక్కటీ ఫ్రేమును ఒక్కో రకంగా కోస్తుంది. ఎక్కడ తీయాలన్నది అందం చూసి తేల్చేది కాదు, పాత్ర ఏ స్థితిలో ఉందో చూసి తేల్చేది.

ఒక ఆరంభాన్ని దగ్గరగా చూద్దాం. చోటు రొయ్యల గుంట. వేళ తెల్లవారుజాము. వనామి రొయ్యల సాగున్న ఊళ్లో, నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు రాత్రంతా వినిపిస్తూనే ఉంటుంది. రాత్రిపూట నీటిలో ప్రాణవాయువు తగ్గుతూ పోయి తెల్లవారబోయే ముందు అతి తక్కువకు చేరుతుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయి. అందుకే ఇక్కడివాళ్లు చప్పుడుకు నిద్ర లేవరు, చప్పుడు ఆగితే లేస్తారు. ఇంతకంటే మంచి ఉత్కంఠను ఏ సంగీతం ఇస్తుంది?

మొత్తం తొమ్మిది షాట్లు, 120 సెకన్లు. మొదటిది 20 సెకన్ల లాంగ్ షాట్: గట్టు మీద వరసగా పసుప్పచ్చ బల్బులు, ఏరియేటర్లు చిలికే నీటిలో ముక్కలైన వాటి నీడలు. పైన ఖాళీగా ఉన్న ఆకాశంలో పేర్లు పడతాయి. రెండోది కాపలా గుడిసె: ఖాళీ నులకమంచం, దాని పక్కన రెండు టీ గ్లాసులు. ఒకటి తాగేసింది, రెండోది నిండుగా, పొగలు కక్కుతూ. మూడోది క్లోజప్, ఆరే సెకన్లు: స్టార్టర్ డబ్బా, ఫ్రేములోకి వచ్చి స్విచ్ ఆపే చెయ్యి, మణికట్టుకు ఎర్ర దారం. నాలుగోది మళ్లీ మొదటి షాటే: ఏరియేటర్లు ఒక్కొక్కటే ఆగుతాయి, నీరు కుదుటపడి ముక్కలైన బల్బుల నీడలు తిన్నటి గీతలవుతాయి. ఎవరూ రారు. అయిదోది అదే టీ గ్లాసు, ఇప్పుడు మీగడ కట్టి ఉంది. ఆరోది గుంట అంచున నీటి పైకి తేలే రొయ్యలు. ఈ ఊరు తెలియని ప్రేక్షకుడి కోసం ఆ షాటు ఉండి తీరాలి.

ఏడో షాటులో గట్టు మీద టార్చిలైటు పట్టుకుని ఒకడు పరుగున వస్తాడు, మనం వాడి వీపునే చూస్తాం. వాడికి ఏమవుతుందోనని మన భయం. ఎనిమిదోది టార్చి దించుతున్న చేతి క్లోజప్. ఆ మణికట్టుకూ ఎర్ర దారమే. భయపడాల్సింది వాడి కోసమా, వాడిని చూసా? తొమ్మిదోది మళ్లీ మొదటి చోటే: నిశ్చలంగా ఉన్న నీరు, వరసగా బల్బుల నీడలు, మధ్యలో ఒక నీడను అడ్డుకుంటూ తేలుతున్న నల్లటి ఆకారం. సినిమా పేరు.

ఇందులో ప్రతి వస్తువుకూ పనుంది. రెండు గ్లాసులు వచ్చినవాడు తెలిసినవాడేనని చెబుతాయి. మీగడ కాలం గడిచిందని చెబుతుంది. ఎరుపు ఆ దారానికి తప్ప ఇంకెక్కడా కనిపించకూడదు, చొక్కా అయినా బకెట్టు అయినా సరే. అప్పుడే ఆరు సెకన్లు చూసిన దారం నిమిషం తర్వాత కూడా గుర్తుంటుంది. పైగా మన ఊళ్లల్లో ఎర్ర దారం కట్టుకున్న మణికట్లు ఎన్నో. అందుకే ఆ గుర్తు అనుమానం పెంచుతుందే తప్ప దోషిని పట్టివ్వదు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిస్తే మామూలు కబుర్లు కూడా ఉత్కంఠగా మారతాయని దర్శకుడు హిచ్‌కాక్ వివరించేవారు. ఇక్కడ ఆ బాంబు ఆగిపోయిన ఏరియేటరు.

ఇప్పుడు కాగితం పని. ఏ4 కాగితాన్ని ఆరు గడులు చేసి ఒక్కో గడిలో ఒక్కో షాటు గీయాలి. గీత బాగా రాకపోయినా ఫరవాలేదు, పుల్లల్లాంటి మనుషులు చాలు. గడి కింద షాటు సైజు, కెమెరా ఎత్తు, సెకన్లు, వినిపించే శబ్దం రాయాలి. చివరి వరసలో ‘ఈ షాటుతో ప్రేక్షకుడికి కొత్తగా ఏం తెలిసింది’ అన్నది రాయాలి. ఆ వరస ఖాళీగా ఉన్న షాటును, అదెంత అందంగా ఉన్నా, కొట్టేయాలి. ఇంకో కాగితం మీద గుంటను పైనుంచి చూసినట్టు గీసి, కెమెరా నిలబడే చోట్లకు అంకెలు వేయాలి. వేసి చూస్తే తొమ్మిది షాట్లకూ అయిదు చోట్లే చాలని తేలుతుంది. ఒకటి, నాలుగు, తొమ్మిది స్టాండు కదపకుండా ఒకే చోట నుంచి వరసగా తీసేయవచ్చు. టార్చి మనిషి మొదట ఎడమ నుంచి కుడికి వెళ్తే చివరిదాకా అటే వెళ్లాలన్నదీ ఈ కాగితం మీదే తేలుతుంది.

తీరంలో కొన్ని జాగ్రత్తలు తప్పవు. రొయ్యలున్న గుంటలో ఏరియేటర్లు ఆపించడమంటే ఒక రైతు కష్టాన్ని చంపడమే. పట్టుబడి అయిపోయి ఇంకా నీళ్లున్న గుంటను యజమానిని అడిగి వాడుకోవాలి. తడి గట్టు మీద కరెంటు తీగలుంటాయి కాబట్టి అక్కడ పనిచేసే మనిషిని తోడుంచుకోవాలి. ఇసుకలో అడుగుజాడల షాటు ఉంటే ముందు అదే తీయాలి, యూనిట్ అంతా తొక్కేశాక ఆ ఇసుక మళ్లీ దొరకదు. ఉప్పుగాలికి లెన్సు మసకబారుతుంది, మెత్తటి గుడ్డ దగ్గరుండాలి. టీ మీద పొగ కెమెరాకు కనిపించాలంటే గ్లాసు వెనక నుంచి చిన్న లైటు పడాలి. శ్రీహరికోట, కృష్ణపట్నం రేవు పరిసరాల్లో అనుమతి లేనిదే కెమెరా తీయకూడదు.

ఇంత ముందే గీసేసుకుంటే షూటింగులో కొత్త ఆలోచనకు చోటెక్కడిదని కొందరంటారు. నా మటుకు, చోటు దొరికేది అప్పుడే. ఏం కావాలో తెలిసినవాడు అనుకోకుండా గట్టు మీదికొచ్చిన కుక్కను షాటులో ఉంచాలో తీసేయాలో వెంటనే చెప్పగలడు. తెలియనివాడు 20 నిమిషాల నీలం వెలుగును వాదనల్లో పోగొట్టుకుంటాడు. ఇంకో మేలు కూడా ఉంది. కెమెరా పట్టేవాడు, నటించేవాడు, శబ్దం చూసేవాడు తలా ఒక సినిమా ఊహించుకోకుండా అందరూ ఒకే సినిమా తీసేలా చేసేవి ఆ కాగితాలే.

షూటింగుకు ముందు రోజు ఒక పరీక్ష పెట్టుకోవాలి. కథ తెలియని ఒకరికి, ఇంట్లో అమ్మకో, హాస్టల్లో పక్క గది కుర్రవాడికో, ఆ తొమ్మిది బొమ్మలు వరసగా చూపించి ‘ఇప్పుడు నీకు దేని గురించి భయంగా ఉంది’ అని అడగాలి. మీరు అనుకున్న జవాబే వస్తే ఫోను చార్జింగు పెట్టి పడుకోండి. రాకపోతే ఇంకో కాగితం తీసుకోండి. రొయ్యల గుంట దగ్గర ఒక రాత్రి వృథా అయ్యేకంటే కాగితం చిరగడం ఎంతో నయం.